కర్ణాటక ఏకీకరణ ధురీణుడు శ్రీ సిద్ధవనహళ్ళి నిజలింగప్ప

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమునందు బిజ్జలుని మంత్రిగా నుండిన శ్రీ బసవేశ్వరుడు రాజకార్యమును గూడ కాయకముగనే భావించెను. పదవి యనునది అనుభవించుటకు లభించిన భోగము కాదనియు, సమాజమునకు చెల్లింపవలసిన ఋణమనియు ఆ మహనీయుని జీవితము తెలుపుచున్నది. పరిస్థితులు వికటించిన దినమున ఆయన అధికారమును వీడి కూడలసంగమమునకు మరలిపోయెను. ఎనిమిది శతాబ్దములకు పిమ్మట అదే కన్నడ దేశమున ఒక వీరశైవ కుటుంబమునందు జన్మించి, రాష్ట్రమున సర్వోన్నత పదవిని రెండు పర్యాయములు నిర్వహించి, అఖిల భారత కాంగ్రెసునకు అధ్యక్షుడై, తుదకు ఏ పదవియు లేక తాను బయలుదేరిన చిత్రదుర్గమునకే మరలివచ్చి మూడు దశాబ్దములు జీవించిన నాయకుడు శ్రీ నిజలింగప్పగారు. వారి జీవితమునందు విజయము లెన్నియో అపజయములును దాదాపు అన్నియే కలవు. రెండింటిని సమముగ పరిశీలించినగాని ఆ జీవితము పూర్తిగ నర్థము కాదు.

బాల్యము - విద్య

శ్రీ నిజలింగప్పగారు 1902వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన హరపనహళ్ళి తాలూకాలోని హలువాగలు గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నాడు మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాకు చేరియుండెను. నేడది విజయనగర జిల్లాలో నున్నది. ఆ జిల్లాలో ఒక వీధిన కన్నడమును, మఱొక వీధిన తెలుగును వినవచ్చుచుండెడివి. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలును, హరపనహళ్ళి, హడగలి, కూడ్లిగి తాలూకాలును ఒకే కలెక్టరు పాలనలో నుండెడివి. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు మొదటి మూడు తాలూకాలు ఆంధ్రమునకును, బళ్ళారితోబాటు తక్కినవి మైసూరునకును చేరినవి. భాషనుబట్టి ఎల్లలు గీయుట ఎంత ఆవశ్యకమో, ఎంత కష్టమో ఆ జిల్లావారికి ఎవ్వరును చెప్పవలసిన పని లేదు. తరువాతి కాలమున నిజలింగప్పగారి జీవితమంతయు ఈ ఎల్లల సమస్యతోడనే పెనవేసికొనిపోయినది.

బాల్యముననే తండ్రిని గోల్పోయి సామాన్య పరిస్థితులలో పెరిగిన ఆ బాలుడు దావణగెరె, చిత్రదుర్గములలో చదివి, బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో పట్టము నొందిరి. పిదప పూనా నగరమున న్యాయశాస్త్రము నభ్యసించి, చిత్రదుర్గమున న్యాయవాదిగా స్థిరపడిరి. చిత్రదుర్గము పాళెగారుల కోటకు ప్రసిద్ధి. మురుఘా మఠమునకు పీఠస్థానము. అట్టి పట్టణమున మంచి పేరు గడించిన న్యాయవాదికి ధనమునకును గౌరవమునకును లోటుండదు. కాని దేశకాలములు వేఱు పిలుపు నిచ్చుచుండెను.

సత్యాగ్రహ దీక్ష

మైసూరు మహారాజుల పాలనలోని సంస్థానము. కాంగ్రెసు ఉద్యమము బ్రిటిషు ప్రాంతములలో వలె అచ్చట సులభముగ వ్యాపింపలేదు. 1938 ఏప్రిలునందు మద్దూరు సమీపమున శివపురమున జెండా సత్యాగ్రహము జరిగెను. అదే నెల 25వ తేదీన హిందూపురమునకు సమీపమున, గౌరిబిదనూరు తాలూకాలోని విదురాశ్వత్థమున సభ చేసిన జనులపై కాల్పులు జరిగి పలువురు మృతినొందిరి. ఈ సంఘటనలతో మైసూరు ప్రజానీకము మేల్కొనెను.

మఱుసటి సంవత్సరము, 1939లో, చిత్రదుర్గ ప్రాంతమున తురువనూరునందు సత్యాగ్రహము నడచెను. ఈతచెట్లనుండి తీయు కల్లుపై ప్రభుత్వమునకు అబ్కారీ ఆదాయము లభించుచుండెను. మద్యము గ్రామములను దహించివేయుచున్నదని తలచిన సత్యాగ్రహులు ఆ చెట్లను నఱకుటకు పూనుకొనిరి. చెట్టును కొట్టుటయనగా ప్రభుత్వపు బొక్కసమును కొట్టుటయే. కావున శిక్షలు కఠినముగ నుండెను. ఆ ఉద్యమమున ముందు నిలిచిన నిజలింగప్పగారికి కారాగారవాసము సంప్రాప్తమయ్యెను. న్యాయవాద వృత్తి నిర్వహించుటకు వలయు అనుమతి పత్రము కూడ రద్దయ్యెను. సంసారమునకు ఆధారమైన వృత్తియే పోయినను వారు వెనుదీయలేదు. 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమమునందు మరల చెఱసాలకేగిరి. 1946 నాటికి వారు కర్ణాటక కాంగ్రెసు నాయకులలో అగ్రగణ్యులు. స్వతంత్ర భారతమునకు రాజ్యాంగమును రచించిన సభయందును వారు సభ్యులుగా నుండిరి.

ఏకీకరణము

నాటికి కన్నడ భాషీయులు పలు పాలనలక్రింద చీలియుండిరి. బెళగాం, ధార్వాడ, బిజాపురము, ఉత్తర కన్నడ జిల్లాలు బొంబాయి రాష్ట్రమునందును, బీదరు, గుల్బర్గా, రాయచూరు జిల్లాలు తెలంగాణముతోబాటు హైదరాబాదు రాష్ట్రమునందును, దక్షిణ కన్నడము మద్రాసునందును ఉండెను. కొడగు ప్రత్యేక రాష్ట్రము. వీరందఱిని ఒక గూటికి చేర్చుటయే ఏకీకరణోద్యమము. నిజలింగప్పగారు ఆ ఉద్యమమునకు ప్రముఖ సారథులైరి. 1952లో చిత్రదుర్గమునుండి లోకసభకు ఎన్నికై, ఢిల్లీయందును ఆ కార్యమునకే పాటుపడిరి.

ఉద్యమమునకు పరుల వలన కలిగిన ఆటంకములకంటె స్వజనుల వలన కలిగిన శంకలే అధికముగ బాధించినవి. పాత మైసూరు ప్రాంతమున పలువురు నాయకులు, విశేషించి ఒక్కలిగ వర్గమునకు చెందినవారు, ఏకీకరణమునకు సుముఖులు కాకుండిరి. ఉత్తరపు జిల్లాలు చేరినచో వీరశైవుల సంఖ్యాబలము పెరిగి తమ ప్రాబల్యము క్షీణించునని వారి భయము. తమ పన్నుల ధనము వెనుకబడిన ఉత్తర ప్రాంతమునకు తరలిపోవునని మఱికొందఱి భయము. నిజలింగప్పగారు వీరశైవులగుటచే, వారు కోరునది కన్నడ రాజ్యమా లేక స్వకుల రాజ్యమా యను ప్రశ్న బాహాటముగనే వినబడెను. ఈ అనుమానము వారిని జీవితాంతము వెంటాడెను. ఇచ్చట స్మరింపదగిన విషయ మొకటి కలదు. నాటి మైసూరు ముఖ్యమంత్రి శ్రీ కెంగల్ హనుమంతయ్యగారు స్వయముగ ఒక్కలిగలై యుండియు, తమ వర్గీయుల వ్యతిరేకతను లెక్కింపక ఏకీకరణమును సమర్థించిరి. ఆ సమర్థనము వారి పదవికే ముప్పు తెచ్చినది. కావున ఏకీకరణము ఏ ఒక్క వర్గము సాధించినది కాదు. రెండు వర్గములలోను వర్గమునకు మించి చూడగలిగిన పెద్దలు సాధించినది.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశముతోబాటుగ విశాల మైసూరు రాష్ట్రము అవతరించెను. నిజలింగప్పగారు ఆ రాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రులైరి. ఆ రాష్ట్రమునకు కర్ణాటక మను నామము 1973 నవంబరు 1వ తేదీన ఏర్పడెను.

అధికారము - పరాజయము

అయిదు పాలనలనుండి వచ్చిన జిల్లాలను ఒక రాష్ట్రముగ నడపుట సులభ సాధ్యము కాదు. భూమిశిస్తు పద్ధతులు వేఱు, శాసనములు వేఱు, ఉద్యోగుల జీతములును జ్యేష్ఠత్వ క్రమమును వేఱు. ఒక జిల్లా గుమాస్తా వ్రాసిన దస్త్రము మఱొక జిల్లా అధికారికి బోధపడని స్థితి. ఈ కలగూరను పొందించుచుండగనే పార్టీలో అసమ్మతి తలయెత్తెను. 1958 మే నెలలో నిజలింగప్పగారు పదవినుండి తొలగిరి. వారి స్థానమున శ్రీ బి.డి. జత్తిగారు ముఖ్యమంత్రులైరి. జత్తిగారును వీరశైవులే, బసవతత్త్వ నిష్ఠులే. 1964లో బెంగుళూరున బసవ సమితిని స్థాపించిన పుణ్యమూర్తులు వారు. నిజలింగప్పగారిని దించినది పరకులము కాదు. స్వకులమే స్వకులమును ఎల్లవేళల నిలబెట్టు నను నమ్మకము రాజకీయములలో ఎంత వ్యర్థమో ఈ సంఘటన నిరూపించినది.

1962 ఎన్నికలలో అంతకంటె తీవ్రమైన దెబ్బ తగిలెను. రాష్ట్రమున కాంగ్రెసు గెలిచినను, ఆ పార్టీకి నాయకులు కాదగిన నిజలింగప్పగారు సొంత జిల్లాలోని హొసదుర్గ నియోజకవర్గమున పరాజితులైరి. అప్పుడు శ్రీ ఎస్.ఆర్. కంఠిగారు మార్చి 14వ తేదీన ముఖ్యమంత్రి పదవిని స్వీకరించిరి. నిజలింగప్పగారు బాగల్కోట ఉప ఎన్నికలో గెలిచివచ్చినంతనే, జూన్ మాసమున, కంఠిగారు ఆ పీఠమును వారికి అప్పగించి ప్రక్కకు తొలగిరి. దొరకిన పదవిని అడిగినంతనే విడుచుట రాజకీయములలో అరుదు. నిజలింగప్పగారి కీర్తిని చెప్పు తావున కంఠిగారి నిరాడంబరతను విస్మరించుట న్యాయము కాదు.

ఆ సంవత్సరముననే మఱొక పరీక్ష ఎదురయ్యెను. జూలై 31వ తేదీన మైసూరు ప్రభుత్వ మొక ఉత్తరువును వెలువరించి, వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో నూటికి 68 స్థానములను వెనుకబడిన వర్గములకును, షెడ్యూల్డు కులములకును, తెగలకును ప్రత్యేకించెను. కొందఱు విద్యార్థులు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. బాలాజీ వ్యాజ్యముగా ప్రసిద్ధమైన ఆ వివాదమున సెప్టెంబరు 28వ తేదీన తీర్పు వెలువడెను. కులమొక్కటే వెనుకబాటునకు కొలమానము కారాదనియు, ప్రత్యేకించిన స్థానములు సామాన్యముగ సగమునకు మించరాదనియు న్యాయస్థానము నిర్ణయించి ఉత్తరువును కొట్టివేసెను. దేశమంతట రిజర్వేషనుల చర్చకు ఆ తీర్పు నాటినుండి మూలమైనది. వెనుకబడినవారెవరు, ముందంజ వేసినవారెవరు అను ప్రశ్నకు సంఖ్యాబలము గల వర్గముల నాయకులు నిష్పక్షపాతముగ సమాధాన మీయగలరా యను సంశయము అప్పుడే దృఢపడినది. ఆ ప్రశ్న దశాబ్దమైన పిదప మరల వచ్చెను.

నీరు - విద్యుత్తు - సరిహద్దు

రెండవ పర్యాయపు ఆరు సంవత్సరముల పాలన నిర్మాణ కాలముగ పేరొందెను. శరావతి నదిపై లింగనమక్కి ఆనకట్ట 1964లో పూర్తియయ్యెను. ఆ లోయలోని విద్యుత్కేంద్రము బెంగుళూరు పరిశ్రమలకు ప్రాణాధారమయ్యెను. 1964లోనే బెంగుళూరు విశ్వవిద్యాలయమును, వ్యవసాయ విజ్ఞానముల విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. 1967లో ప్రభుత్వము బసవేశ్వరుని అష్టమ శతమానోత్సవ సందర్భమున స్మారక గ్రంథమును ప్రకటించెను.

ఇవన్నియు నటుండ, ఉత్తర కర్ణాటకమున క్షామముతో క్రుంగిపోవుచుండిన బిజాపుర, గుల్బర్గా, రాయచూరు జిల్లాల కొఱకు తలపెట్టిన ఎగువ కృష్ణా పథకము విశేషించి చెప్పదగినది. 1964 మే 22వ తేదీన ఆలమట్టియందు శ్రీ లాల్ బహదూర్ శాస్త్రిగారు శంకుస్థాపన గావించిరి. ఈ పథకమునకు క్రింది భాగమున కృష్ణనే నమ్ముకొనిన తెలుగు రైతులు ఆందోళన చెందుట సహజమే. 1969లో ఏర్పడిన బచావత్ న్యాయాధికరణము మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 టీఎంసీల చొప్పున జలములను పంచియిచ్చెను. నాటి సంకల్పము ఫలించుటకు కొన్ని దశాబ్దములు పట్టినది. మూల్యమును అల్పము కాదు. నారాయణపుర జలాశయమునకు బసవసాగర మని పేరిడిరి. ఆ జలములు కృష్ణా మలప్రభల సంగమమును ముంచగా, బసవేశ్వరుని ఐక్యస్థలము చుట్టును బావివలె గోడ గట్టి కాపాడవలసి వచ్చినది. 1962లో నిజలింగప్పగారిని శాసనసభకు పంపిన బాగల్కోట పట్టణమునందు కొంత భాగము ఆలమట్టి జలములలో మునిగి, ప్రజలు నవనగరమునకు తరలిపోయిరి. ఒకరి పొలమునకు నీరు వచ్చుటకు మఱొకరి యిల్లు నీట మునుగుట ఆనకట్టల ధర్మసంకటము.

సరిహద్దు సమస్యయు వారి కాలముననే తీవ్రమయ్యెను. బెళగాం తమకు చెందవలెనని మహారాష్ట్రము పట్టుబట్టుచుండగా, 1966 అక్టోబరులో కేంద్రము విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి శ్రీ మెహర్‌చంద్ మహాజనుగారి అధ్యక్షతన సంఘమును నియమించెను. 1967 ఆగస్టులో వచ్చిన నివేదిక బెళగాం మైసూరులోనే యుండవలెననియు, 264 గ్రామములు మహారాష్ట్రమునకు చేరవలెననియు, కేరళములోని కాసరగోడు ప్రాంతము మైసూరునకు రావలెననియు సూచించెను. మైసూరు అంగీకరించెను. మహారాష్ట్రము నిరాకరించెను. సమస్య తెగక 2004లో సుప్రీంకోర్టు గడప తొక్కినది.

కాంగ్రెసు అధ్యక్షత

1963 అక్టోబరునందు తిరుపతి క్షేత్రమున కామరాజు, నీలం సంజీవరెడ్డి, అతుల్య ఘోష్, నిజలింగప్ప ప్రభృతులు సమావేశమై నెహ్రూ అనంతరము దేశ నాయకత్వ మెవరికి చెందవలెనని ఆలోచించిరి. శాస్త్రిగారివైపు వారు మొగ్గిరి. పత్రికలవారు ఈ పెద్దల కూటమికి సిండికేటు అని పేరు పెట్టిరి. 1964లో శాస్త్రిగారును, 1966లో శ్రీమతి ఇందిరాగాంధీగారును ప్రధానులగుటలో ఈ కూటమి పాత్ర గణనీయము.

1967 ఎన్నికలలో పలు రాష్ట్రములలో కాంగ్రెసు ఓడినను మైసూరునందు నిలిచెను. 1968 జనవరిలో హైదరాబాదున జరిగిన కాంగ్రెసు మహాసభకు నిజలింగప్పగారు అధ్యక్షత వహించిరి. రెండు బాధ్యతలను ఒకరే వహించుట కుదరనందున ఆ మే నెలలో ముఖ్యమంత్రి పదవిని వీడిరి. లవకుశులని ప్రజలు పిలిచెడి తమ యిరువురు అనుచరులలో శ్రీ వీరేంద్ర పాటిలుగారు వారి స్థానమున ముఖ్యమంత్రులైరి. రెండవవారు శ్రీ రామకృష్ణ హెగ్డేగారు.

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుసేనుగారు మరణించిరి. జూలైలో బెంగుళూరున కూడిన కాంగ్రెసు పెద్దలు సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించిరి. ప్రధానికి ఈ నిర్ణయము రుచింపలేదు. మొరార్జీ దేశాయిగారినుండి ఆర్థికశాఖ తొలగింపబడెను. జూలై 19వ తేదీన 14 బ్యాంకులు జాతీయము గావింపబడెను. వి.వి. గిరిగారు స్వతంత్రులుగ పోటీకి నిలిచిరి. ఈ సమయమున నిజలింగప్పగారు స్వతంత్ర, జనసంఘ పక్షముల నాయకులను కలిసి, తమ అభ్యర్థికి రెండవ ప్రాధాన్యపు ఓట్లను కోరిరి. అభ్యర్థిని గెలిపించుట అధ్యక్షుని విధి యని వారి భావము. పార్టీ సిద్ధాంతములకు ప్రత్యర్థులైనవారితో చేతులు కలుపుట యని ఇందిరాగాంధీగారి అనుయాయుల ఆరోపణము. అంతరాత్మ ప్రబోధానుసారము ఓటు వేయుమని ప్రధాని సభ్యులను కోరిరి. ఆగస్టు 20వ తేదీన ఫలితము వెలువడెను. రెండవ ప్రాధాన్యపు ఓట్ల లెక్కింపుతో గిరిగారు 4,20,077 విలువగల ఓట్లను, సంజీవరెడ్డిగారు 4,05,427 విలువగల ఓట్లను పొందిరి. తమ పార్టీ అధికారిక అభ్యర్థి అంత స్వల్ప భేదముతో ఓడుటకు కారకు లెవరన్న ప్రశ్న పార్టీని నిలువున చీల్చెను.

నవంబరు 12వ తేదీన నిజలింగప్పగారి అధ్యక్షతన గల వర్గము ప్రధానమంత్రిని పార్టీనుండి బహిష్కరించెను. క్రమశిక్షణ దృష్ట్యా ఆ నిర్ణయమునకు ఆధారము లేకపోలేదు. కాని పార్లమెంటులోని కాంగ్రెసు సభ్యులలో అధిక సంఖ్యాకులు ప్రధానితోడనే నిలిచిరి. నియమావళి ఒక ప్రక్క, ప్రజాభిమానము మఱొక ప్రక్క నిలిచినపుడు ప్రజాభిమానమే గెలిచినది. 1971 ఎన్నికలలో వారి సంస్థా కాంగ్రెసు దేశమంతట 16 స్థానములు మాత్రమే పొందెను. మైసూరులోని 27 లోకసభ స్థానములును ఇందిరా పక్షమునకే దక్కెను. వీరేంద్ర పాటిలుగారి ప్రభుత్వము పతనమయ్యెను. 1972లో నిజలింగప్పగారి మంత్రివర్గమున పనిచేసిన శ్రీ దేవరాజ అరసుగారు ముఖ్యమంత్రులై, హావనూరు సంఘమును నియమించి, చిన్న వర్గములను అధికారమునకు చేరువ గావించిరి. 1962 నాటి ప్రశ్నకు ఆ విధముగ కాలమే వేఱొకరి చేత సమాధానము చెప్పించినది.

కాలచక్రపు మఱొక విచిత్రమును తలపవలెను. 1977 ఫిబ్రవరినుండి తాత్కాలిక రాష్ట్రపతిగా నుండినవారు జత్తిగారు. అదే జూలై 25వ తేదీన వారి యనంతరము రాష్ట్రపతి పీఠము నధిష్ఠించినవారు సంజీవరెడ్డిగారు, అదియు ఏకగ్రీవముగ. 1958లో నిజలింగప్పగారి స్థానమున వచ్చినవారును, 1969లో వారు గెలిపింపలేకపోయినవారును ఒకరి వెంట నొకరు రాష్ట్రపతి భవనమున నుండగా, నిజలింగప్పగారు చిత్రదుర్గమున తమ యింట నుండిరి.

శేషజీవితము

సంస్థా కాంగ్రెసు క్షీణించిన పిదప వారు క్రమముగ క్రియాశీల రాజకీయములనుండి తొలగిరి. చిత్రదుర్గమున సామాన్య గృహస్థువలె జీవించుచు, వచ్చినవారితో మాటలాడుచు, ఆత్మకథను రచించిరి. వయసు మీరినను స్వజనులలోని దోషములను ఎత్తిచూపుటకు సంకోచింపలేదని పేరొందిరి. మఠములకును మంత్రులకును వారి యింటి ద్వారము ఒకే తీరున తెరచియుండెను. 2000వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన, తొంబదియేడేండ్ల వయసున, చిత్రదుర్గముననే వారు లింగైక్యులైరి. ఆ పట్టణ సమీపమున సీబారయందు వారి స్మారకము నెలకొనియున్నది.

వీరశైవ సమాజము తనలో పుట్టిన నాయకులను గర్వముతో తలచుకొనుట సహజము. కాని నిజలింగప్పగారిని ముఖ్యమంత్రులైన వీరశైవులుగ మాత్రమే స్మరించినచో, వారి జీవితపు సారము జాఱిపోవును. వారిని దించినవారిలో స్వవర్గీయులు గలరు. వారికి తోడ్పడినవారిలో పరవర్గీయులు గలరు. వారు కూర్చిన రాష్ట్రము ఏ కులమునకును సొంతము కాలేదు. కాకుండుటయే దాని బలము. 1939లో వృత్తిని గోల్పోయినపుడును, 1962లో ఎన్నికలో ఓడినపుడును, 1969లో పార్టీ చీలినపుడును వారు తిరిగివచ్చినది చిత్రదుర్గమునకే. చేతిలో పదవి యున్నను లేకున్నను మనుష్యుడు చేయవలసిన కాయకము మాఱదని శరణులు బోధించిరి. ఆ బోధకు రాజకీయ రంగమున లభించు నిదర్శనములు కొన్నియే. వానిలో నొకటి శ్రీ నిజలింగప్పగారి జీవితము.